వెనక ఇరుసుకూ ఒక కొలత

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



లారీకి ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు దాని వెనక ఇరుసు ఛాసిస్‌కు సూటిగా ఉందో లేదో కొలిచి చూసే పద్ధతి పెట్టమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. అన్ని బండ్లకూ ఒకేసారి కుదరకపోతే కమాను కట్టలు (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగులు) మార్చినవీ, వాటిలో అదనపు పట్టీలు ఎక్కించినవీ, ఛాసిస్ పొడిగించినవీ ముందు చూడండి. ఇందుకు కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. ఒక స్టీలు టేపు, తూకం గుండు, సుద్దముక్క, రాసి పెట్టుకోవడానికి కాగితం ఉంటే చాలు.

ఇంత చిన్న పనికి మంత్రి దాకా రావాలా అని మీకు అనిపించవచ్చు. రాక తప్పలేదు. ఈ కొలత తన పని అని కమాన్ల కొట్టువాడు అనుకోడు, బాడీ కట్టేవాడు అనుకోడు. అలైన్‌మెంట్ సెంటరువాడు ముందు చక్రాలు చూసి పంపేస్తాడు. ఆర్టీవో ఆఫీసులో దానికి గడే లేదు. అందరి చేతుల్లోంచీ జారిపోయిన పనిని ఎవరో ఒకరి చేతిలో పెట్టాలంటే నియమం కావాలి. ఆ నియమం రాసేది మీ శాఖ.

నేను లారీల పని జరిగే చోట బతికేవాణ్ణి. విజయవాడ ఆటోనగర్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1960లలో మొదలైన ఈ పేటలో ఇంజను విప్పేవాళ్ళ నుంచి తొట్టి మీద బొమ్మలు వేసేవాళ్ళ దాకా అన్ని చేతులూ పక్కపక్క వీధుల్లోనే దొరుకుతాయి. మన దేశంలో చాలా లారీలు కంపెనీ గేటు దాటేటప్పుడు ఛాసిస్ మాత్రమే. బాడీ కట్టించుకోవడం కొన్నవాడి బాధ్యత. ఇక్కడ కట్టిస్తారు, లేదా తమిళనాడులో నామక్కల్, తిరుచెంగోడు, సంకగిరి వైపు తోలుకెళ్ళి కట్టిస్తారు. ఏ సరుకు మోస్తుందో దాన్ని బట్టి బండి ఒళ్ళు మారిపోతుంది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మ తన బరువంతా ఒకే చోట పెట్టి కూర్చుంటుంది. మదనపల్లె టమాటా ట్రేలు ఎత్తుగా లేచి మలుపుల్లో ఊగుతాయి. భీమవరం చేపల లోడులో ఐసు కరిగేకొద్దీ బరువు తగ్గుతూ పోతుంది. వీటన్నిటికీ కంపెనీ ఇచ్చిన కట్ట ఒకే తీరుగా సరిపోదు.

అందుకే ఓనరు వచ్చి, “మేస్త్రీ, లోడు పడితే ఎడమ పక్క కూర్చుంటోంది, ఇంకో పట్టీ వేసెయ్” అంటాడు. “అట్టాగేనండీ, సాయంత్రానికి తోలుకెళ్ళండి” అంటాడు మేస్త్రి. సాయంత్రానికి పట్టీ పడుతుంది, యూ బోల్టులు బిగుస్తాయి, బండి లేచి నిలబడుతుంది. ఓనరు చూసేది బండి లేచిందా లేదా అన్నదే. మేస్త్రి పనితనంలో లోపమేమీ లేదు. ఆ పని తర్వాత జరగాల్సిన కొలత ఒకటుందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు, దానికి డబ్బులిచ్చినవాళ్ళు అసలే లేరు.

పట్టీలు ఎక్కించాలన్న కోరిక ఈమధ్య తగ్గేది కాదు, పెరిగేది. 2018 జులైలో మీ శాఖ ఇరుసు బరువుల పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు ఉన్నది 11.5 టన్నులైంది. జంట ఇరుసులకు 19 టన్నులు ఉన్నది 21 టన్నులైంది. బరువుకు అనుమతి వచ్చినప్పుడు కట్ట గట్టిపడాలని ఓనరుకు తోచడం సహజం. ఆ గట్టిపడ్డ కట్ట కింద ఇరుసు ఎటు చూస్తోందో చెప్పే మాట మాత్రం ఎక్కడా లేదు.

ఈ సంగతి మీ ఇంజనీర్లకు కొత్త కాదు. అయినా లేఖ చదివే మామూలు ఓనరు కోసం, డ్రైవరు కోసం కాస్త విడమరచి చెబుతాను.

కమాను కట్ట బరువు మోసే స్ప్రింగు అని అందరికీ తెలుసు. మన లారీల్లో ఎక్కువవాటికి వెనక ఇరుసును దాని చోట పట్టి ఉంచేది కూడా అదే. కట్ట ముందు కొన ఛాసిస్ బ్రాకెట్టుకు పిన్నుతో బిగిసి ఉంటుంది, ముందుకూ వెనక్కీ జరగదు. వెనక కొన షాకిల్‌కు వేలాడుతూ కదలడానికి వీలుగా ఉంటుంది. ఇరుసు మధ్యలో యూ బోల్టుల బిగువున కూర్చుంటుంది. కట్టను కలిపి పట్టే సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో దిగుతుంది. ఇరుసు ఎక్కడ ఉండాలో చెప్పేది వేలెడంత కూడా లేని ఆ తలే.

బరువు పడితే కట్ట వంపు తగ్గుతుంది. వంపు తగ్గితే రెండు కొసల మధ్య దూరం పెరుగుతుంది. ముందు కొస కదలదు కాబట్టి ఇరుసు వెనక్కి జరుగుతుంది. రెండు పక్కలా ఒకేలా జరిగితే చిక్కు లేదు. ఒక పక్క కొత్త పట్టీతో గట్టిగా, మరో పక్క పాత పట్టీలతో మెత్తగా ఉంటే ఆ జరగడంలో తేడా వస్తుంది.

లెక్క వేసి చూడండి. కట్ట పొడవు 1,400 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎడమ పక్క కొత్త పట్టీ పడింది, లోడు మీద వంపు 150 మిల్లీమీటర్లు నిలిచింది. కుడి పక్క పాత కట్ట 130కి దిగింది. ఎత్తులో తేడా 20 మిల్లీమీటర్లే. బండి కాస్త ఒరిగిందని అనుకుని వదిలేస్తాం. కానీ ఆ కాస్త తేడాకే కుడి కట్ట కొసల మధ్య దూరం ఎడమదానికంటే పది మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. ఇరుసు కట్ట నడిమధ్యన ఉంటే అందులో సగం, అంటే అయిదు మిల్లీమీటర్ల పైన, కుడి పక్క వెనక్కి వెళుతుంది. రెండు కట్టల మధ్య ఎడం ఒక మీటరు అయితే ఇరుసు మీటరుకు అయిదు మిల్లీమీటర్ల చొప్పున వంకర తిరిగినట్టు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య అయిదు మీటర్ల దూరం ఉన్న బండిలో వెనక చక్రాలు ముందు చక్రాల దారి నుంచి 25 మిల్లీమీటర్లు పక్కకు తప్పి నడుస్తాయి. వెనక భాగం కుడికి తోస్తుంది, మూతి ఎడమకు లాగుతుంది, డ్రైవరు స్టీరింగును రోజంతా కొద్దిగా కుడికి పట్టి ఉంచుతాడు. వెనకాల కారులో వచ్చేవాడికి లారీ ఓరగా పోతున్నట్టు కనిపిస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఖాళీ బండిని షెడ్డులో నిలబెట్టి చూస్తే ఈ తేడా కనిపించకపోవచ్చు. లోడు పడ్డాకే రెండు కట్టలూ తమ తమ తీరున దిగుతాయి. ఖాళీగా సూటిగా ఉన్న ఇరుసు లోడుతో వంకర తిరగగలదు. కాబట్టి పట్టీ వేయడమే నేరమని నేను అనడం లేదు. వేస్తే రెండు పక్కలా ఒకే మందం, ఒకే వంపు ఉన్న పట్టీలు వేయాలి. వేశాక ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కొలవాలి.

ఇరుసు వంకర తిరగడానికి పట్టీ ఒక్కటే కారణం కాదు. సెంటర్ బోల్టు తెగితే ఇరుసును దాని చోట నిలిపే ఆధారం పోతుంది, యూ బోల్టులు ఎంత బిగించినా బ్రేకు కొట్టిన ప్రతిసారీ కాస్త కాస్త జరుగుతుంది. పిన్నులు, బుష్‌లు ఒక పక్క ఎక్కువ అరిగితే అంతే. ఛాసిస్ పొడిగించి బ్రాకెట్లు మళ్ళీ బిగించినప్పుడు ఒక పక్క రంధ్రం కాస్త ముందుకో వెనక్కో పడితే, ఆ రోజు నుంచే ఇరుసు వంకర. రంధ్రం కలవలేదని గ్యాసు కట్టరుతో దాన్ని సాగదీసినచోట ఇక సూటిదనానికి ఆధారమే మిగలదు.

ఇప్పుడు మీ టెస్టింగ్ స్టేషన్ల సంగతికి వస్తాను. 2021లో మీరు తెచ్చిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నియమాలను నేను మనసారా స్వాగతించాను. అధికారి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి సంతకం పెట్టే పద్ధతి కంటే రోలర్ల మీద బ్రేకు పరీక్ష వెయ్యి రెట్లు మేలు. అక్కడ సైడ్ స్లిప్ పరీక్ష కూడా ఉంది. నేలలో ఒక పలక ఉంటుంది, చక్రం దాని మీదుగా దొర్లుతుంది. చక్రం పక్కకు ఈడ్చుకుంటూ పోతుంటే పలక పక్కకు జరుగుతుంది. కిలోమీటరుకు ఇన్ని మీటర్లు అని లెక్క తేలుతుంది. ముందు చక్రాల టో (లోపలికో బయటికో తిరిగిన కోణం) తప్పి ఉంటే ఆ పలక ఇట్టే పట్టేస్తుంది.

వంకర తిరిగిన ఒంటి వెనక ఇరుసును మాత్రం అది పట్టలేదు. ఈ ఒక్క విషయం మీ శాఖలో అందరికీ తెలియాలని నా కోరిక. వంకర ఇరుసు మీది చక్రాలు పక్కకు ఈడ్చుకుపోవు. తాము ఎటు చూస్తున్నాయో అటే శుభ్రంగా దొర్లుతాయి. పైనున్న ఛాసిస్ ఆ దారికి ఓరగా తిరిగి ఉంటుంది, డ్రైవరు ముందు చక్రాలను తిప్పి ఆ ఓరను సర్దుకుంటాడు. పలక మీద జారుడే లేదు కాబట్టి పలక కదలదు. బండి పాసవుతుంది. తప్పు చక్రానికీ నేలకూ మధ్య లేదు, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉంది. ఛాసిస్‌ను ఆధారం చేసుకుని కొలిస్తే తప్ప ఆ తప్పు బయటపడదు. పెద్ద లారీల కోసం లేజరుతో, కెమెరాలతో ఇలా ఛాసిస్ నుంచే కొలిచే యంత్రాలు ఉన్నాయి. అవి లేనిచోట టేపుతోనే కొలవాలి.

జంట ఇరుసుల బండ్లలో కథ వేరు, నష్టం కూడా ఎక్కువ. రెండు వెనక ఇరుసులు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఒకటి ఒక దిక్కుకు, ఇంకొకటి మరో దిక్కుకు దొర్లాలని చూస్తాయి. రెండూ ఒకే ఛాసిస్‌కు కట్టి ఉన్నాయి కాబట్టి రెండింటి కోరికా తీరదు, టైర్లు పక్కకు ఈడ్చుకుపోవాల్సిందే. మీటరుకు అయిదు మిల్లీమీటర్ల తేడా అంటే కిలోమీటరుకు అయిదు మీటర్లు. లక్ష కిలోమీటర్లు తిరిగే బండిలో అది 500 కిలోమీటర్ల ఈడ్పు. వెనక ఉన్న ఎనిమిది టైర్లూ దాన్ని పంచుకుంటాయి. ఆ ఈడ్పుకు అయ్యే డీజిలు ఎటూ ఓనరు జేబులోంచే. పైగా వెనక ఇరుసుల ఈ పెనుగులాట బండి మూతిని ఒక పక్కకు తిప్పాలని చూస్తుంది. దాన్ని నిలువరించే భారం ముందు టైర్ల మీద పడుతుంది, అవి అంచుల్లో అరుగుతాయి. ఓనరు అరిగిన ముందు టైరు చూసి ముందు అలైన్‌మెంట్ చేయిస్తాడు. మళ్ళీ అరుగుతుంది, మళ్ళీ చేయిస్తాడు. జబ్బు వెనక ఉంటే మందు ముందు పడుతోంది.

జంట ఇరుసుల్ని పట్టి ఉంచే టార్క్ రాడ్ల రబ్బరు బుష్‌లు అరిగినా ఇదే గతి. బుష్ అరిగిందని కంటికి కనిపించేసరికి టైర్లు పోయి ఉంటాయి. టైర్ల ఖర్చు తెలిసినవాళ్ళెవరూ దీన్ని చిన్న సంగతి అనరు. ఇది జేబు సంగతి మాత్రమే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. రోజంతా స్టీరింగును ఒక పక్కకు పట్టి నడిపే డ్రైవరు త్వరగా అలసిపోతాడు. వానలో తడిసిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే వంకర ఇరుసు బండిని తనవైపు తిప్పుకుంటుంది. ఘాట్ రోడ్డులో ఒక వైపు మలుపుకీ మరో వైపు మలుపుకీ బండి వేర్వేరుగా స్పందిస్తుంది. ఎదురొచ్చే మోటారు సైకిలువాడికి ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

కట్ట మార్చినప్పుడు మరో కోణం కూడా చెడుతుంది. పట్టీ పెంచినా, ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మ పెట్టినా డిఫరెన్షియల్ మూతి పైకో కిందికో తిరగొచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివర్లా ఉన్న క్రాసులు (యూనివర్సల్ జాయింట్లు) కోణంలో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. రెండు చివర్లా కోణం సమానంగా ఉంటే ఒకదాని తేడాను మరొకటి రద్దు చేస్తుంది. సమానం తప్పితే అదురు పుడుతుంది. ఆ అదురుకు క్రాసులు పోతాయి, బేరింగులు పోతాయి, గేరుబాక్సు సీళ్ళు కారుతాయి. కోణాన్ని చూపే చిన్న సాధనం ఏ హార్డ్‌వేరు షాపులోనైనా దొరుకుతుంది, సెల్‌ఫోనులో కూడా ఉంటుంది. తేడా తేలితే కట్ట కింద ఏటవాలు పలక వేసి సరిచేయొచ్చు. ఇరుసు కొలిచేటప్పుడే ఇదీ చూస్తే పని ఒక్కసారితో తీరుతుంది.

ఇంత చెప్పాక కొలత ఎలాగో చెప్పకపోతే న్యాయం కాదు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు తాపీ మేస్త్రి ఒక మూల నుంచి ఎదుటి మూలకు తాడు లాగి, రెండు కర్ణాలూ సమానం అయ్యాకే గునపం దించనిస్తాడు. లారీకి కావలసిందీ ఆ జాగ్రత్తే.

బండిని సమతలం మీద నిలబెట్టాలి. టైర్లన్నిటిలో గాలి కంపెనీ చెప్పినట్టు సరిచేయాలి. ముందుకూ వెనక్కీ కొద్దిగా దొర్లించి ఆపితే కట్టల్లో బిగుసుకున్న ఒత్తిడి వదులుతుంది. ఛాసిస్ ముందు భాగంలో రెండు పక్కలా ఒకేలా ఉన్న రెండు గుర్తులు ఎంచుకోవాలి. కంపెనీ వేసిన, ఎవరూ ముట్టుకోని రంధ్రాలైతే మంచిది. వాటి నుంచి తూకం గుండు వదిలి నేల మీద సుద్దతో గుర్తు పెట్టాలి. వెనక ఇరుసు రెండు చివర్ల హబ్బు మధ్యల నుంచీ అలాగే. టేపు నేరుగా లాగితే ట్యాంకులు, బ్యాటరీ పెట్టెలు అడ్డం వస్తాయి, నేల మీది గుర్తులకు ఏదీ అడ్డం రాదు. ఎడమ పొడవు, కుడి పొడవు, రెండు కర్ణాలు: మొత్తం నాలుగు కొలతలు. పొడవులు రెండూ సమానం, కర్ణాలు రెండూ సమానం అయితే ఇరుసు సూటిగా ఉంది, పక్కకు కూడా జరగలేదు. జంట ఇరుసులైతే రెండో ఇరుసును మొదటి ఇరుసు నుంచి రెండు పక్కలా కొలవాలి. ఒకరు టేపు పట్టడానికి, ఒకరు చదవడానికి, ఇద్దరుంటే ఎంతోసేపు పట్టదు.

తేడా తేలితే సరిచేసే దారులూ తెలిసినవే. యూ బోల్టులు వదులు చేసి సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చుందో లేదో చూడాలి. తెగిన బోల్టు, అరిగిన బుష్ మార్చాలి. బ్రాకెట్టు తప్పు చోట ఉంటే విప్పి సరైన చోట బిగించాలి. ఇరుసు మీది గుంటను సాగదీసి సర్దడం మాత్రం కూడదు. యూ బోల్టులు కొత్తవి వాడి, మూల నుంచి మూలకు వంతులవారీగా, కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూడాలి, ఎందుకంటే కొత్త పట్టీల మధ్య రంగు, తుప్పు అణిగి బిగువు సడలుతుంది.

ఇంత తేలికైన పని ఎందుకు జరగడం లేదంటే, దీన్ని ఎవరూ కాగితం మీదికి రానివ్వడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో చేర్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ అంటుంది. అదే 52వ సెక్షను, మార్పు అంటే బండి మౌలిక లక్షణం మారేటంతగా నిర్మాణంలో వచ్చే మార్పు అని కూడా చెబుతుంది. మరి కట్టలో ఒక పట్టీ ఎక్కువైతే అది మార్పా, మరమ్మతా? ఓనరుకు తెలియదు, కాబట్టి చెప్పడు. మేస్త్రికి తెలియదు, కాబట్టి బిల్లు మీద రాయడు. రాసి లేని పనిని ఫిట్‌నెస్ అధికారి అడగడు. చట్టం గట్టిగా ఉండటం మంచిదే. గట్టి చట్టానికి భయపడి పని మొత్తం చీకట్లోకి పోవడం మాత్రం రోడ్డు మీది జనానికి మంచిది కాదు.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది నా తోటివాళ్ళదే. “ఇప్పటికే ఉన్న పరీక్షలకు చేతులు తడపలేక చస్తున్నాం, మళ్ళీ ఇంకో కొలతా?” అంటారు. ఆ భయం నిజమైనదే. అందుకే ఈ కొలత తప్పినందుకు జరిమానా వద్దంటున్నాను. సరిచేసుకుని, అదనపు ఫీజు లేకుండా గడువులోగా మళ్ళీ చూపించే వీలు ఇవ్వండి. కొలతలు ఓనరు చేతిలో కాగితంగా ఉంటే ఎవరైనా మళ్ళీ కొలిచి సరిచూసుకోవచ్చు. టేపు మీద అంకెతో బేరమాడటం కష్టం.

రెండోది, ఓవర్‌లోడును చూసీ చూడనట్టు వదిలి ఇరుసు కొలవడం దొంగకు దారి చూపినట్టు కాదా అన్నది. కాదు. ఓవర్‌లోడును తూకం కాటా దగ్గర ఆపాలి, అక్కడ ఎంత కఠినంగా ఉన్నా నాకు సమ్మతమే. పరిమితికి లోబడి తిరిగే బండి కట్టలు కూడా ఏళ్ళ తరబడి ఒక పక్క ఎక్కువ అణుగుతాయి. నియమం పాటించే ఓనరుకే ఈ కొలత ఎక్కువ మేలు చేస్తుంది.

మూడోది, అధికారుల దగ్గర సమయం లేదన్నది. సరుకు బండికి ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ చూస్తున్నారు. అన్నిసార్లూ కొలవమనడం లేదు. మొదట్లో ఎనిమిదేళ్ళు దాటినవాటికీ, కట్ట పనో ఛాసిస్ పనో జరిగినవాటికీ చాలు.

ఇక నా విన్నపాలు.

మొదటిది, సస్పెన్షన్ పనికి ఒక చీటీ తప్పనిసరి చేయండి. కట్ట ముట్టుకున్న ప్రతి కొట్టూ పనికి ముందూ తర్వాతా ఆ నాలుగు కొలతలు, రెండు పక్కల పట్టీల లెక్క, మందం రాసి ఇవ్వాలి. ఆ చీటీ చూపించిన ఓనరు మీద, ఆ చీటీని బట్టే కేసు పెట్టకూడదని కూడా రాయండి. లేకపోతే చీటీలు పుట్టవు.

రెండోది, పట్టీ ఎక్కించడం ఎంతవరకు మరమ్మతో, ఎక్కడి నుంచి మార్పో తెలుగు, తమిళం, హిందీ లాంటి భాషల్లో కొట్టు గోడ మీద అంటించేంత తేలికగా చెప్పండి.

మూడోది, కంపెనీలు ఛాసిస్ మీద కొలత గుర్తులు వేసి ఇవ్వాలి. టైరు గాలి ఎంతో డోరు దగ్గర రాసి పెట్టినట్టే ఇరుసు ఎంత తేడా దాకా ఉండొచ్చో కూడా రాసి పెట్టాలి. ఆ పరిమితి ఎంత ఉండాలో తేల్చడానికి పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ అనే వాహన పరీక్షా సంస్థలు ఉన్నాయి. వాళ్ళకు అప్పగించండి. లారీ బాడీల కోసం ఇప్పటికే ఏఐఎస్-093 ప్రమాణం ఉంది. బాడీ పూర్తయ్యాక ఇరుసు కొలవాలన్న షరతుకు అక్కడా చోటివ్వవచ్చు.

నాలుగోది, టెస్టింగ్ స్టేషన్లలో ఛాసిస్ ఆధారంగా వెనక ఇరుసు కొలిచే గడి ఒకటి పెట్టండి. యంత్రం వచ్చేదాకా టేపుతోనే చేయించండి.

అయిదోది నాకు అన్నిటికంటే ముఖ్యం. కమాన్ల పని చేసేవాళ్ళలో ఎక్కువమంది చిన్నప్పుడే కొట్టులో చేరి చూసి నేర్చుకున్నవాళ్ళు. పట్టీని సుత్తితో కొట్టి వంపు తేగల చేతులవి. వాళ్ళకు బడి చదువు లేదని పక్కన పెట్టకండి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ఇప్పటికే వచ్చిన పనిని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటుంది. దాన్ని ఆటోనగర్ వీధుల్లోకే తీసుకురండి. కొలత నేర్పి, టేపూ తూకం గుండూ చేతికిచ్చి, చీటీ మీద సంతకం పెట్టే హక్కు వాళ్ళకే ఇవ్వండి. ఐటీఐలలో మోటారు మెకానిక్ చదివే పిల్లలకు ఈ పాఠం ఒక్కరోజు ప్రాక్టికల్‌గా పెట్టినా చాలు.

మోటారు వాహనాల నియమాల్లో మార్పు తలపెట్టినప్పుడు మీ శాఖ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకూ సూచనలకూ గడువు ఇస్తుంది. ఆ గడువులో కంపెనీలు రాస్తాయి, సంఘాలు రాస్తాయి. కమాన్ల మేస్త్రి రాయడు, ఎందుకంటే ఆ ప్రకటన ఆయన దాకా రాదు. ఈసారి ముసాయిదా రాయకముందే మీ ఇంజనీర్లను విజయవాడకో, నామక్కల్‌కో పంపండి. ఒక లోడు లారీని నిలబెట్టి ఇరుసు కొలిచి చూపిస్తాం. మేం చెప్పింది తప్పని తేలితే ఈ విన్నపం పక్కన పడేయండి. నిజమని తేలితే ఆ నాలుగు కొలతలకు ఫిట్‌నెస్ కాగితంలో చోటివ్వండి.

ఇట్లు,
లారీ పనివాళ్ళలో ఒకడు
ఆటోనగర్, విజయవాడ